"ఏటన్నారు?" అనిపించుకునే గొంతుకి ఏ థెరపీ? పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ కోసం విశాఖ నుంచి ఒక పోలిక

మా ఇంట్లో రెండేళ్ళ పాటు ఒకటే గొడవ. నాన్న హాల్లోంచి ఏదో అంటారు. అమ్మ వంటింట్లోంచి "ఏటీ? ఏటన్నారు?" అంటుంది. నాన్న మళ్ళీ అంతే నెమ్మదిగా అంటారు. మూడోసారికి "నీకు చెవుడొచ్చింది" అని విసుక్కుంటారు. "మీ గొంతే నూతిలోంచి వస్తోంది" అని అమ్మ. చివరికి ఇద్దరినీ చూపిస్తే ఇద్దరి మాటా నిజమేనని తేలింది. అమ్మకి వినికిడి కొంచెం తగ్గింది. నాన్నకి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వల్ల గొంతు తగ్గింది. పోర్టులో క్రేన్ల చప్పుడు మీద కేకలేసి పని చేయించిన మనిషి, ఇప్పుడు కాఫీ కావాలంటే సైగ చేస్తున్నారు.

ఆ తర్వాత ఏం చేయాలో తెలీక మేం చాలా తిరిగాం. ఒకరు వారానికోసారి రమ్మన్నారు, ఒకరు నెలంతా రమ్మన్నారు, ఒకరు ఆన్‌లైన్ చాలన్నారు, ఒక బంధువు మైకు కొనమన్నాడు. ఇప్పుడు అదే అయోమయంలో ఉన్న ఇళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, కొడుకుని.

ముందు జబ్బు మాటని ఏం చేస్తుందో తెలియాలి

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో దాదాపు 90 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు గొంతులోనో మాటలోనో తేడా వస్తుంది. గొంతు చిన్నదవుతుంది, ఎత్తుపల్లాలు పోయి ఒకే సుతిలో సాగుతుంది, బొంగురుపోతుంది, కొందరికి మాటలు ఒకదాని మీద ఒకటి పడి పరిగెడతాయి. ఇదంతా గొంతు కండరాలు చచ్చుబడటం వల్ల కాదు. చేతిరాత చీమలబారులా చిన్నదైపోయినట్టు, అడుగు పొట్టిదైపోయినట్టు, గొంతు కదలికని కూడా మెదడు చిన్నది చేసేస్తుంది. చిక్కేమిటంటే ఆ సంగతి మాట్లాడే మనిషికి తెలియదు. తన చెవికి తన గొంతు సరిగ్గానే ఉంటుంది. మనకి మామూలుగా వినిపించేంత పెద్దగా మాట్లాడమంటే "అరుస్తున్నట్టుంది, బాగోదు" అంటారు. అందుకే "కాస్త గట్టిగా మాట్లాడండి నాన్నా" అని రోజుకి ఇరవై సార్లు చెప్పినా ఆ ఒక్క వాక్యం వరకే పనిచేస్తుంది.

తెలుగువాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉందని నాకనిపిస్తుంది. ఈ జబ్బులో ఊపిరి చాలక వాక్యం చివరికొచ్చేసరికి గొంతు జారిపోతుంది. మన భాషలో అసలు సంగతంతా ఆ చివరే ఉంటుంది. "పొద్దున్న మందు వేసుకు..." వరకు వినిపిస్తుంది. "న్నాను" అన్నారా, "లేదు" అన్నారా? ఆ ఒక్క ముక్క కోసం మళ్ళీ అడగాలి. థెరపిస్టుకి ఈ విషయం ప్రత్యేకంగా చెప్పండి. ఇంట్లో సాధన చేయించేటప్పుడు వాక్యం చివరి క్రియ మీద ఊపిరి మిగిలేలా చూసుకోండి.

మందు డోసు పెంచితే గొంతు కూడా పెరుగుతుందని మేం ఆశపడ్డాం. చేతి వణుకు, నడక మీద ఈ జబ్బుకిచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా పనిచేసినంత నమ్మకంగా మాట మీద పనిచేయదు. మెదడులో తీగలు పెట్టే డి.బి.ఎస్. ఆపరేషన్ తర్వాతైతే కొందరికి మాట ఇంకాస్త ముద్దగా మారుతుంది కూడా. కాబట్టి మాటకి మాట వైద్యమే కావాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటి ప్రశ్న గొంతు గురించి కాదు, మింగడం గురించి. నీళ్ళు తాగితే పొలమారుతోందా? తాగాక గొంతు తడితడిగా గరగరమంటోందా? భోజనానికి ఇదివరకటి కంటే రెట్టింపు సమయం పడుతోందా? బరువు తగ్గుతున్నారా? మాటిమాటికీ ఛాతీలో ఇన్ఫెక్షన్ వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా పోలికలన్నీ పక్కన పెట్టి ముందు మింగే పరీక్ష చేయించండి. పలచటి చారులో మెతుకులు తేలే చారన్నం మనకి జబ్బు మనిషి తిండి అనిపిస్తుంది. నిజానికి నీళ్ళూ మెతుకులూ కలిసి ఉన్నవి మింగడమే ఇలాంటివాళ్ళకి కష్టం. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మింగడం చూసేది కూడా స్పీచ్ థెరపిస్టే.

రెండోది, మాటలో అసలు లోపమేదో. గొంతు చిన్నదా, మాట వేగంగా ముద్దగా ఉందా, లేక మాటే గుర్తుకు రావట్లేదా? ఈ మూడింటికీ వైద్యం ఒకటి కాదు.

మూడోది ఓపిక, మందు వేళ. సిండోపా (లెవోడోపా ఉన్న మాత్ర) వేసుకున్నాక శరీరం తేలికపడే గంటలు కొన్ని ఉంటాయి. సెషన్ ఆ గంటల్లో పడాలి. సాయంత్రం 6కి తప్ప ఖాళీ లేదన్న చోట, మీవాళ్ళు సాయంత్రానికి వాడిపోయే రకమైతే, ఎంత మంచి థెరపిస్టయినా లాభం తక్కువ.

నాలుగోది దూరం. కూర్మన్నపాలెంలో ఇల్లు, ఆరిలోవ హెల్త్ సిటీలో క్లినిక్ అయితే, నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి వారానికి నాలుగు సార్లు. ఎన్.ఎ.డి. దగ్గర ట్రాఫిక్‌లో కూర్చుని వచ్చేసరికే నాన్న గొంతు సగం అయ్యేది. పెందుర్తి నుంచి మేం పడ్డ పాట్లు అవి.

ఐదోది, నా లెక్కలో అన్నిటికన్నా బరువైనది: ఇంట్లో రోజూ పావుగంటో అరగంటో పక్కన కూర్చుని సాధన చేయించే మనిషి ఉన్నారా? థెరపీ పేరు ఏదైనా, నెల తర్వాత మిగిలేది ఆ పావుగంటే.

డబ్బు గురించి ఒక్క మాట. సెషన్ ఫీజు అడక్కండి, మొత్తం కోర్సుకి ఎంతో అడగండి. సెషన్ 500 రూపాయలనుకుంటే 16 సెషన్లకి 8,000. దానికి రానూపోనూ ఆటో కలిపితే తక్కువ ఫీజున్న దూరపు క్లినిక్ ఒక్కోసారి ఎక్కువ ఖర్చవుతుంది.

ఒక్క చూపులో

| ఎంపిక | దేనికి బాగా పనికొస్తుంది | సమయం | ఇబ్బంది |
|---|---|---|---|
| ఎల్.ఎస్.వి.టి. లౌడ్ | చిన్నబోయిన గొంతు, తొలి, మధ్య దశలు | వారానికి 4 రోజులు, 4 వారాలు, రోజుకి గంట | అలసట, ప్రయాణం, సర్టిఫికెట్ ఉన్న థెరపిస్టు కావాలి |
| స్పీక్ అవుట్ | గొంతుతోపాటు మాటలో ఉద్దేశం, స్పష్టత | సుమారు 8 నుంచి 12 సెషన్లు, ఆపైన వారం వారం గ్రూపు | సామగ్రి ఎక్కువగా ఇంగ్లీషులో |
| వారానికోసారి మామూలు థెరపీ | మింగడం, వేగం, కలిసిపోయిన సమస్యలు | నెలలు | గొంతు పెంచడానికి చాలదు |
| ఆన్‌లైన్ | దూరపువాళ్ళు, బయటికి రాలేనివాళ్ళు | పై కోర్సుల్లాగే | నెట్, గొంతు కొలత |
| ఊదే పరికరం | దగ్గు బలం, మింగడం | వారానికి 5 రోజులు | బీపీ ఉంటే డాక్టరు మాట తప్పనిసరి |
| చిన్న మైకు | అలసిపోయిన గొంతు, ముదిరిన దశ | వెంటనే | ముద్ద మాటని సరిచేయదు |

ఎల్.ఎస్.వి.టి. లౌడ్

1987లో అమెరికాలో లోరెయిన్ రామిగ్, ఆమె సహచరులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. లీ సిల్వర్‌మన్ అనే పార్కిన్సన్స్ ఉన్నావిడ మాట వినాలని ఆమె కుటుంబం పడ్డ తపన నుంచి పుట్టింది. ఆవిడ పేరే పద్ధతికి పెట్టారు: లీ సిల్వర్‌మన్ వాయిస్ ట్రీట్‌మెంట్, పొట్టిగా ఎల్.ఎస్.వి.టి. సూత్రం చాలా చిన్నది: ఊపిరి తీసుకోమని, నోరు తెరవమని, నెమ్మదిగా పలకమని పది సూచనలు ఇవ్వరు. "పెద్దగా" అన్న ఒక్కటే. గొంతు పెరిగితే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. రోజూ "ఆఁ" అని ఊపిరి ఉన్నంతసేపు పలకడం, గొంతు పైకీ కిందికీ తీసుకెళ్ళడం, తను రోజూ వాడే పది వాక్యాలు చెప్పడం, తర్వాత చదవడం, మాట్లాడటం.

ఆ పది వాక్యాల దగ్గర జాగ్రత్తగా ఉండండి. మా థెరపిస్టు మొదట పుస్తకంలోని వాక్యాలు తర్జుమా చేసి ఇస్తే నాన్న పాఠం అప్పజెప్పినట్టు చదివారు. తర్వాత మేమే రాసిచ్చాం: "కాఫీ పెట్టావా?", "ఫ్యాన్ తగ్గించు", "బాబూ, గోపాలపట్నం దగ్గర ఆపు", "పేపరొచ్చిందా?". కాఫీ గొంతు మూడో రోజునే వంటింటికి చేరింది.

ఆధారం విషయానికొస్తే, బ్రిటన్‌లో 388 మందితో చేసిన పెద్ద పోలిక 2024లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక జట్టుకి ఎల్.ఎస్.వి.టి. లౌడ్, ఒక జట్టుకి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే మామూలు థెరపీ, ఒక జట్టుకి ఏమీ లేదు. మూడు నెలల తర్వాత గొంతు వల్ల పడే ఇబ్బంది లౌడ్ జట్టులో స్పష్టంగా తగ్గింది. మామూలు థెరపీ తీసుకున్నవాళ్ళకి, ఏమీ తీసుకోనివాళ్ళకి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లౌడ్ జట్టులో గొంతు నొప్పి, అలసట మాత్రం కొందరికి వచ్చాయి. కాబట్టి మొదలుపెట్టే ముందు ఇ.ఎన్.టి. డాక్టరుతో స్వరపేటిక చూపించుకోవడం మంచిది. పెదవాల్తేరులో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. ప్రైవేటులో చూపించుకున్నా సరే, చూపించుకోకుండా మాత్రం వద్దు.

ఇది అందరికీ కాదు. మతిమరుపు బాగా ముదిరినవాళ్ళు, గంటసేపు కూర్చోలేనివాళ్ళు నెల్లాళ్ళు ఈ వేగం తట్టుకోలేరు. వారానికి రెండు రోజులు చొప్పున రెండు నెలలు సాగదీసే రకం కూడా ఉంది. దాన్ని అడిగి తెలుసుకోండి.

స్పీక్ అవుట్

అమెరికాలోని టెక్సస్‌లో ఉన్న పార్కిన్సన్ వాయిస్ ప్రాజెక్ట్ సంస్థ పద్ధతి. ఇక్కడ మంత్రం "ఉద్దేశంతో మాట్లాడు". ఆలోచన లేకుండా వచ్చే మాటని, కావాలని చేసే పనిగా మార్చడం. చెంబుతో నీళ్ళు అలవాటుగా పోయడం వేరు, నిండు చెంబు తొణక్కుండా పట్టుకెళ్ళడం వేరు. రెండోదానికి మెదడు వేరే దారి వాడుతుంది. కోర్సు అయ్యాక గ్రూపులో కొనసాగడం ఈ పద్ధతి బలం. రోజువారీ సాధన వీడియోలు ఉచితంగా దొరుకుతాయి, కానీ ఇంగ్లీషులో. ఇంగ్లీషుతో పేచీ లేని రిటైర్డ్ ఉద్యోగులకి సరిపోతుంది. మా నాన్నలాంటివాళ్ళకి వీడియోలో అమ్మాయి చెప్పింది మనం మళ్ళీ తెలుగులో చెప్పాలి, అప్పటికి ఆమె తర్వాతిదానికి వెళ్ళిపోతుంది. రెండు పద్ధతుల్లో ఒకటి దొరికి రెండోది దొరక్కపోతే దొరికినదే తీసుకోండి. ఈ రెండింటి మధ్య తేడా కంటే, ఏదో ఒకటి పట్టుగా చేయడానికీ చేయకపోవడానికీ మధ్య తేడా ఎక్కువ.

వారానికోసారి మామూలు థెరపీ

మేం మొదట చేసిన పొరపాటు ఇదే. ఒక క్లినిక్‌లో మూడు నెలలు వారానికోసారి వెళ్ళాం. నాలుక అటూ ఇటూ తిప్పడం, బుగ్గలు పూరించడం, కొవ్వొత్తి ఊదడం. చేస్తుంటే ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది, మాట మాత్రం ఉన్నచోటే ఉంది. నడక నేర్పాలంటే నడిపించాలి, మాట పెంచాలంటే మాట్లాడించాలి. మాట లేకుండా ఉత్త నాలుక కసరత్తులతో పార్కిన్సన్స్ గొంతు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

అలాగని వారపు థెరపీ దండగ అనను. మింగడం, మాట వేగం, ఇంట్లోవాళ్ళకి శిక్షణ, ముదిరిన దశలో బొమ్మల బోర్డు తయారు చేయడం లాంటివి ఈ దారిలోనే కుదురుతాయి. మాట పరిగెత్తేవాళ్ళకి వేలితో ఒక్కో గడి తాకుతూ ఒక్కో మాట పలికే పేసింగ్ బోర్డు ఒక్కోసారి లౌడ్ కంటే బాగా పనిచేస్తుంది. మొదటి అక్షరం చూపించే బోర్డు ఇంగ్లీషుకి 26 గళ్ళతో అయిపోతుంది. మన వర్ణమాలకి అది దుప్పటంత అవుతుంది. తెలుగుకి రోజువారీ వాక్యాల బోర్డే నయం.

ఆన్‌లైన్

స్పీచ్ థెరపీ అని బోర్డు ఉన్న చోటికి వెళ్తే ఎక్కువగా చిన్నపిల్లలే కనిపిస్తారు. పెద్దవాళ్ళ పార్కిన్సన్స్ మీద అనుభవం ఉన్నవాళ్ళు పక్కవీధిలో దొరక్కపోతే, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న తెలుగు థెరపిస్టుని ఆన్‌లైన్‌లో పట్టుకోవడం తప్పేమీ కాదు. ఎల్.ఎస్.వి.టి. లౌడ్ ఆన్‌లైన్‌లోనూ ఎదురుగా కూర్చున్నంత ఫలితమే ఇస్తుందని పరిశోధనలు చూపించాయి.

ఒక మెలిక ఉంది. వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ చిన్న గొంతుని తనే పెంచి పంపిస్తుంది. థెరపిస్టు "భేష్" అంటుంది, పక్కగదిలో అమ్మకి మాత్రం ఏమీ వినపడదు. అందుకే గొంతు కొలత మన వైపే ఉండాలి. ఇంకో ఫోనులో డెసిబెల్ యాప్ వేసుకుని, నోటికి ఒక అడుగు దూరంలో, రోజూ అదే చోట పెట్టండి. యాప్ అంకె ఖచ్చితం కాకపోయినా నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికి చాలు. పార్కిన్సన్స్ గొంతు సగటున 2 నుంచి 4 డెసిబెల్స్ తక్కువ ఉంటుందంటారు. అంకె చిన్నదే, వినేవాడికి మాత్రం పెద్ద తేడా.

పరికరాలు

ట్యూషన్ మాస్టర్లు నడుముకి కట్టుకునే చిన్న మైకు చూసే ఉంటారు. అదే ఇది. పెళ్ళిళ్ళకి, బ్యాంకు పనికి బాగుంటుంది. కానీ ముద్ద మాటని పెద్ద ముద్ద మాటగా వినిపిస్తుంది, అంతే. ఇంకా థెరపీకి ఓపిక ఉన్న మనిషికి ముందే మైకు తగిలిస్తే గొంతు పెంచే అవసరమే పోతుంది. నేనైతే దాన్ని చివరికి ఉంచుతాను.

ఊదే పరికరం వేరే సంగతి. లోపల స్ప్రింగు ఉంటుంది, గట్టిగా ఊదితేనే గాలి దాటుతుంది. ఐదేసి ఊపిర్లు ఐదు విడతలు, వారానికి ఐదు రోజులు. 60 మందితో చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో, నాలుగు వారాలు చేసినవాళ్ళకి మింగడం మెరుగై పొలమారే ముప్పు తగ్గింది. అదుపులో లేని బీపీ, హెర్నియా, ఈమధ్య ఆపరేషన్ ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ముట్టుకోకూడదు. ఇది గొంతు థెరపీకి తోడు, బదులు కాదు.

భజనలు, పాటలు? ఊపిరికీ మనసుకీ మంచివి. పాటలో వచ్చిన గొంతు మాటలోకి దానంతటదే దిగిరాదు, అదీ ఇబ్బంది. ఇంకో వింత చెప్తాను. ఆర్.కె. బీచ్‌లో కెరటాల పక్కన నడుస్తుంటే నాన్న గొంతు ఎవరూ చెప్పకుండానే పెరుగుతుంది. చుట్టూ చప్పుడుంటే మనిషి తెలియకుండానే గొంతెత్తుతాడు. దీనికి లంబార్డ్ ప్రభావం అని పేరు. ఈ లక్షణం పార్కిన్సన్స్‌లోనూ పోదు. చెవిలో గోల వినిపించి గొంతు పెంచే పరికరాన్ని అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో ఉన్నప్పుడు జెస్సికా హ్యూబర్ అనే పరిశోధకురాలు దీని ఆధారంగానే చేశారు. మనకి సముద్రం ఊరికే దొరుకుతోంది. ఇంటికి రాగానే గొంతు మళ్ళీ తగ్గుతుందనుకోండి, అయినా "ఇందాక బీచ్‌లో మాట్లాడినట్టు" అంటే నాన్నకి వెంటనే తెలుస్తుంది. "గట్టిగా" అంటే వచ్చే కోపం రాదు.

మీ పరిస్థితి ఇదైతే

ఈమధ్యే జబ్బు తేలి, గొంతు కొంచెమే తగ్గినవాళ్ళు: ఆగకండి. లౌడ్ గానీ స్పీక్ అవుట్ గానీ ఇప్పుడే చేయడం తేలిక. నెల్లాళ్ళు పని తగ్గించుకోండి.

భార్యాభర్తలిద్దరే ఉండి, పిల్లలు బయటి ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు: దగ్గర్లోని క్లినిక్‌లో మొదటి వారం, తర్వాత ఆన్‌లైన్. పిల్లలు రోజూ ఫోను చేసే పది నిమిషాల్నే సాధనగా మార్చుకోవచ్చు. వినపడకపోతే ఊహించి జవాబివ్వకుండా "మళ్ళీ చెప్పండి నాన్నా" అనాలి. ఇద్దరి వినికిడీ పరీక్ష చేయించండి, మా ఇల్లే సాక్ష్యం.

కె.జి.హెచ్. (విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి) న్యూరాలజీ ఓపీకి వెళ్ళేవాళ్ళు: మందుల చీటీ రాయించుకుని వచ్చేయకండి. మాట, మింగడం రెండింటి సంగతీ మీరే ఎత్తి, స్పీచ్ థెరపీకి రిఫరల్ అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉందని గుర్తుపెట్టుకోండి, సర్టిఫికెట్ సంగతి అక్కడే కనుక్కోవచ్చు.

జబ్బు ముదిరి, మతిమరుపు కూడా ఉన్నవాళ్ళు: గొంతు కోర్సుల వెంట పడొద్దు. మింగడం, వాక్యాల బోర్డు, మైకు. ప్రశ్నలు మనమే మార్చుకోవాలి. "ఏం తింటారు?" బదులు "ఇడ్లీయా, ఉప్మానా?".

ఫోనులోనే అడగాల్సినవి

ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? ఎల్.ఎస్.వి.టి. గానీ స్పీక్ అవుట్ గానీ శిక్షణ పొందారా? (రెండు సంస్థల వెబ్‌సైట్లలోనూ థెరపిస్టుల జాబితా ఉంటుంది, సరిచూసుకోండి.) పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్ళని ఇంతవరకు ఎంతమందిని చూశారు? మింగడం కూడా పరీక్షిస్తారా? సాధన తెలుగులోనేనా? కోర్సు అయ్యాక ఆరు నెలలకోసారి వచ్చి సరిచేయించుకోవచ్చా? చివరగా, సెషన్ జరుగుతున్నప్పుడు ఇంట్లోవాళ్ళు లోపల కూర్చోవచ్చా? ఈ చివరిదానికి "బయట వెయిట్ చేయండి" అన్నవాళ్ళ దగ్గర మేం ఆగలేదు, ఇంకో నంబరుకి చేశాం.